ఎనిమిది హాజర్లు

డోన్ దగ్గరి సున్నపురాయి గనిలో బుధవారం పదకొండింటికి వెబినార్ ఉంటుంది. భద్రత గురించి కంపెనీ పెట్టిన పాఠం. దానికి హాజరైనట్టు సర్టిఫికెట్ లేనివాణ్ణి గనిలోకి దిగనివ్వరు. పాఠానికి కూర్చుంటేనేమో పని ఆగుతుంది. రాయి పేల్చే మేస్త్రీ ఓబులేశు దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఎనిమిది మంది ఫోన్లూ అట్టపెట్టెలో వేసి, ఆఫీసు షెడ్డులో అన్న కూతురు సుప్రజ ముందు పెట్టి పోతాడు. పది నిమిషాలకోసారి తెర మీద 'మీరు ఉన్నారా?' అని వస్తుంది. సుప్రజ ఎనిమిది ఫోన్లలోనూ 'ఉన్నాను' అని నొక్కాలి.

"ఒక్కసారన్నా వినరాదా చిన్నాన్నా?" అంది సుప్రజ ఆ బుధవారం పొద్దున.

"ఏసీ రూములో కూర్చున్నోడు నాకు నేర్పిస్తాడామ్మా? ఇరవై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా. ఈ పొద్దు తొమ్మిది వత్తులు పేలాల. తొమ్మిదీ ఇనపడినాక టీ పెట్టు."

సుప్రజ నవ్వేసింది. నిజానికి ఆ పాఠాలు వింటే ఎవరికైనా కునుకు పట్టాల్సిందే. టోపీ పెట్టుకోండి, బూట్లు వేసుకోండి, అంతే. అందుకే శబ్దం తీసేసి కూర్చునేది.

ఆఖరిసారి ఎనిమిదింటిలోనూ నొక్కేసరికి తెర మీద ఒక పెట్టె బొమ్మ కనపడింది. పసుపు అట్ట, ఎర్ర గీత. ఫోన్లు తెచ్చిన పెట్టె కూడా అలాంటిదే. సోమవారం వచ్చిన పేలుడు వత్తుల సరుకుది. వెంటనే శబ్దం పెంచింది.

"...ఈ సరుకులో కొన్ని వత్తులు ఆగిపోయినట్టుండి, ఆలస్యంగా పేలుతున్నాయి. పేలుళ్ళ లెక్క తగ్గితే గంటసేపు ఎవరూ దగ్గరికి పోవద్దు."

ఓబులేశు నంబరు కొట్టింది. ఆయన ఫోను ఆమె ముందే బల్ల మీద మోగింది. అందరివీ అక్కడే ఉన్నాయి. గనిలో పేలుళ్ళకు ముందు మోగే సైరన్ కూసింది.

సుప్రజ చెప్పులు వదిలేసి పరుగెత్తింది. గని అర మైలు దూరం. దారంతా లెక్కపెడుతూనే ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది. తర్వాత ఏమీ వినపడలేదు. పేలనిది ఉంటే ఐదు నిమిషాలు ఆగి ముందు తనే పోయి చూడటం ఓబులేశుకు అలవాటు. మిగతావాళ్ళని పోనిచ్చేవాడు కాదు. ఆమె అంచు చేరేసరికి ఆయన తలకు చుట్టుకున్న ఎర్ర తువ్వాలు కింద రాళ్ళ మధ్య కదులుతోంది.

"చిన్నాన్నా! పోవద్దు!" గొంతు చించుకుని అరిచింది.

ఎండగాలికి ఆ మాట సగమే అందినట్టుంది. టీకి పిలుస్తోందనుకున్నాడు కాబోలు, తలెత్తి చెయ్యి ఊపాడు.

"వస్తాండాలేమ్మా!"

తొమ్మిదోది అప్పుడు పేలింది.

సాయంత్రం, పిన్నికి ఇవ్వడానికి ఆయన ఫోను కోసం సుప్రజ షెడ్డుకు వచ్చింది. తెర మీద సర్టిఫికెట్ వచ్చి ఉంది. ఓబులేశు గారు పాఠం పూర్తిగా విన్నారని అందులో రాసుంది.