రెండో పేరు

నిమ్మకాయ కేకు ఒవెన్‌లోంచి తీసేసరికి నాలుగు కావస్తోంది. ఏటా అక్టోబరులో మా ఇంటి కంపెనీ సమావేశం మా ముందుగదిలోనే. హోవ్ ఊళ్లో, సముద్రానికి రెండు వీధుల వెనక, మూడు ఫ్లాట్ల పాత ఇల్లు మాది. ఎవరు కొన్న ఫ్లాటు వాళ్లదే గానీ నేల, పైకప్పు, మెట్లు ముగ్గురివీ. అందుకే ఓ బుల్లి కంపెనీ. ఫ్లాటుకో వాటా, వాటాకో ఓటు. చూరు గొట్టాల్లో చెత్త తీయించేది నేను, బీమా వాళ్లతో గొంతు చించుకునేది నేను, సమావేశంలో ఎవరేమన్నారో పుస్తకంలో రాసేదీ నేనే. "హెట్టీ లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో కూలేది" అంటాడు మా ఆయన డెరిక్, నోట్లో కేకు పెట్టుకుని. పద్దెనిమిదేళ్లు ఆ మాటకే పొంగిపోయాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కింది ఫ్లాటు ఎనిడ్ ఓట్లీ గారిది. ఎనభై రెండేళ్ల మనిషి, ఒంటరిది. వీధిలోంచి ఆవిడ గుమ్మానికి దిగాలంటే తొమ్మిది రాతిమెట్లు, చలికాలమంతా నాచు. బ్రష్షు పట్టుకుని నేనే రుద్దేదాన్ని. కిందటేడు సమావేశంలో ఆవిడ కప్పు కింద పెట్టి, "మెట్ల పక్కన ఓ ఇనుప కమ్మీ వేయించుకుంటాను, పట్టుకుని దిగడానికి. ఖర్చు నాదే" అంది.

"ఇంటి ముందు అందమంతా పోతుందండీ. చూసినవాళ్లు ఆసుపత్రి అనుకుంటారు" అన్నాడు డెరిక్. పైఫ్లాటు ఫోర్బ్స్ గోడమీద పిల్లి. "ఈ ఏడాదికి ఆగుదామా?" అని నసిగాడు. ఎనిడ్ చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

డెరిక్ నవ్వాడు. "నువ్వెందుకు ఎత్తుతున్నావ్? మనిద్దరికీ కలిపి ఒకటే వాటా. జంట పేర్లుంటే ఓటు మొదటి పేరుదే. నీది రెండోది కదా, హెట్టీ! రాయ్ రాయ్, టీ చల్లారిపోతోంది."

ఫోర్బ్స్ కూడా నవ్వాడు. నేను చెయ్యి దించి కలం పట్టుకున్నాను. "మెట్ల కమ్మీ: ఒకరు అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం" అని నా గుండ్రటి దస్తూరీతో రాశాను. మర్నాడు అడుగు సొరుగులోంచి పాత కాగితాలు తీసి చూశాను. ఫ్లాటు కొన్నప్పటి ఫారం నింపింది నేనే. "ఎవరి పేరు ముందు?" అని లాయరు అడిగితే, "ఆయనదే పెడదాం, బాగుంటుంది" అన్నాను. ఎవరూ నా చెయ్యి మెలిపెట్టలేదు.

జనవరిలో ఎనిడ్ ఐదో మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. వృద్ధాశ్రమంలో చేర్చారు, ఇక ఇంటికి రాదన్నారు. చూడటానికి వెళితే, "నీ తప్పేముందమ్మాయ్, నువ్వు చెయ్యెత్తావుగా" అంది. ఆ మాటే నన్నింకా కొరుక్కు తింటోంది. ఎత్తిన చెయ్యి దించాను కదా! ఆ పుస్తకం డెరిక్ ఒళ్లో పడేసి లేచిపోయి ఉండాల్సింది. లేవలేదు. అందరికీ మళ్లీ టీ పోశాను.

ఆవిడ ఫ్లాటు అమ్మకానికి వచ్చింది. మా అమ్మ నాకు వదిలి వెళ్లిన డబ్బుతో కొన్నాను. "అద్దెకిద్దాం. పేర్లు మామూలుగానే పెట్టించు" అన్నాడు డెరిక్. లాయరమ్మ రెండో పేరు అడిగింది. లేదన్నాను. నిన్ననే తాళాలు ఇచ్చారు.

ఇవాళ నాలుగింటికి ఫోర్బ్స్ వచ్చి కూర్చున్నాడు. కేకు బల్లమీద పెట్టి, ఎనిడ్ కుర్చీలో నేను కూర్చున్నాను. పుస్తకం, కలం డెరిక్ ముందుకి జరిపాను.

"మొదటిది మెట్ల కమ్మీ" అన్నాను.

"ఎనిడ్ ఇక రాదుగా! ఇప్పుడెవరికి?" అన్నాడు డెరిక్.

"నాకు. సోమవారం నుంచి కింద ఉంటున్నాను. రాసుకో."