నా ముఖం మీది ఎర్ర గీత

నేను ఒక డ్రైవర్‌ని. లైసెన్సు అడగకండి, బండి తోలేవాణ్ని కాదు. గోల్ఫ్ ఆటలో మొదటి దెబ్బ కొట్టే పెద్ద కర్రని. కర్ర అనడం అలవాటే గానీ నాలో వీసమెత్తు కర్ర లేదు. తల టైటానియం, లోపలంతా డొల్ల. బంతికి తగిలే నా ముఖం పది రూపాయల బిళ్ల కన్నా కాస్త మందం, అంతే. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ రేకు లోపలికి వంగి, మళ్లీ బయటికి తన్నుకొస్తుంది. నా బలమూ అక్కడే, నా చావూ అక్కడే. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక గది మూల, విరిగిన గొడుగులతో పాటు గోనెసంచిలో పడి ఉన్నాను. పాత ఇనుము కొనేవాడు శనివారం వస్తాడట. నేను చెప్పాల్సిన మాట వినాల్సిన మనిషికి వినపడదు. అందుకని మీకు చెబుతున్నాను.

చైనాలో ఏదో ఊళ్లో నన్ను కాల్చి, సాగదీసి, అతికించారు. ఊరి పేరు తెలియదు, పుట్టినచోట నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అక్కణ్నుంచి తిరిగి తిరిగి డాక్టర్ వర్మగారి చేతిలో పడ్డాను. ఆయన ఎముకల వైద్యుడు, సముద్రం పక్క కొండ మీద ఉన్న క్లబ్బులో పాత సభ్యుడు. నా వల్ల పది గజాలు పెరిగిందని నెల రోజులు అందరికీ చెప్పుకున్నారు. రెండో నెల బంతి తుప్పల్లో పడితే నన్ను నేలకేసి కొట్టారు. దూరం వెళ్తే ఆయన భుజబలం, పక్కకి వెళ్తే నా బుద్ధి. ఆయన ఒక్కడే అనుకునేరు, ఆ క్లబ్బులో అందరిదీ అదే వరస.

ఆ తిట్లన్నీ పక్కన నిలబడి విన్నవాడు నూకరాజు. ఆటగాళ్ల సంచి మోసే క్యాడీ. నలభై ఒక్క ఏళ్లు, మోత మొదలుపెట్టి పాతికేళ్లు. 'ఆడలేక మద్దెల ఓడన్నాడట' అని సంచిలో నాకు మాత్రమే వినపడేట్టు గొణిగేవాడు. తన ఇంట్లో మాత్రం గట్టిగానే అనేవాడట, "నాను సచ్చినా కర్రని అనను. తప్పంటూ ఉంటే అది నా సేతిదే." మంచి ఒట్టే. అదే అతని కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికి తెలుసు.

ఎనిమిదేళ్లు వాడుకుని డాక్టర్‌గారు నన్ను నూకరాజుకి ఇచ్చేశారు. సోమవారం సభ్యులు రారు, ఆ రోజు మైదానం క్యాడీలది. మిగతా రోజుల్లో తెల్లారకముందే వచ్చి రెండు వందల బంతులు కొట్టేవాడు. కొట్టాక తడిగుడ్డతో నా ముఖం తుడిచేవాడు. నాలుగేళ్లు అలా గడిచాయి. నన్ను ఒక్కసారి తిట్టి ఎరగడు. అతన్ని ప్రేమించానని చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

ఇంతలో క్లబ్బుకి ఆట నేర్పే మనిషి కావలసి వచ్చాడు. నూకరాజునే పెడదామన్నారు, కానీ ఒక షరతు. బెంగుళూరులో జరిగే ప్రొఫెషనల్ అర్హత పోటీ నెగ్గి రావాలి. నెగ్గితే మెడలో ఈల, చేతిలో కర్ర, నీడలో నిలబడి పాఠాలు. నెగ్గకపోతే మళ్లీ సంచి. అతని కుడి భుజం ఫొటో తీసి చూసింది డాక్టర్ వర్మగారే. "ఇంకో రెండేళ్లు మోస్తే ఈ చెయ్యి తల దాకా లేవదు, నూకరాజూ" అని చెప్పేశారు. నూకరాజు పోటీకి పేరు ఇచ్చాడు.

డాక్టర్‌గారు మనిషి మంచివాడే. కొత్త డ్రైవర్లు మూడు తెప్పించి, ఏది బాగుంటే అది నీదే అన్నారు. తేల్చడానికి, క్లబ్బులో ఎవరికి ఏ కర్ర నప్పుతుందో చూసిపెట్టే డేనియల్ బాబు గదికి పంపారు. డేనియల్ దగ్గర ఒక మిషను ఉంటుంది, టిఫిన్ క్యారేజీ అంత డబ్బా. బంతి పక్కన నేల మీద కూర్చుని, కర్ర ఎంత వేగంతో వచ్చింది, బంతి ఎంత వేగంతో పోయింది, ఎంత ఎత్తు లేచింది, ఎన్ని గజాలు వెళ్తుంది, అన్నీ తెర మీద వేసేస్తుంది. ఆ మిషను చెప్పిందంటే విశాఖలో గోల్ఫ్ ఆడేవాళ్లకి వేదం.

కర్రకి పది బంతులు కొట్టించాడు డేనియల్. కొత్తవి మూడూ కాస్త అటూ ఇటూగా ఒకటే. కర్ర వేగం గంటకి నూట అయిదు మైళ్లు, బంతి వేగం నూట యాభై నాలుగు. ఆఖర్న నా వంతు వచ్చింది. కర్ర వేగం అదే నూట అయిదు, బంతి వేగం నూట అరవై ఒకటి. పద్నాలుగు గజాలు ఎక్కువ.

తెర మీద ఇంకో గడి ఉంది, బంతి వేగాన్ని కర్ర వేగంతో భాగించి వందకి ఎంతో వేసేది. వందతో కొడితే బంతి నూట యాభై దాకా పోవచ్చు. ఆటలో చెల్లే ఏ కర్రా అంతకు మించి కొట్టకూడదు. నా గడిలో నూట యాభై మూడు పడింది. డేనియల్ కనుబొమలు ముడిచాడు. మిషను కొంచెం జరిపి, నేల మట్టం సరిచూసి మళ్లీ కొట్టించాడు. మళ్లీ నూట యాభై మూడే.

"ఏటయింది?" అన్నాడు నూకరాజు.

"ఏం లేదన్నా. బంతి సరిగ్గా నడిమధ్యన తగులుతోంది. పాత కర్రే నీకు కలిసొచ్చింది" అన్నాడు డేనియల్.

కలిసి రావడమా, నా తలకాయా! పన్నెండేళ్ల దెబ్బలకి నా ముఖం అరిగి పలచబడింది. పలచబడ్డ రేకు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ తన్నుతుంది, ఆ తర్వాత చిట్లుతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని మీ పెద్దలే అన్నారు కదా. మిషను ఉన్నదున్నట్టు చెప్పింది. చదివినవాళ్లు గజాల గడి చూసి మురిసిపోయారు. కొత్త కర్రల్ని డాక్టర్‌గారికి తిప్పి పంపేశారు.

రైలెక్కే రోజు నూకరాజు భార్య పైడమ్మ నన్ను పీట మీద పెట్టింది. నూకాలమ్మ తల్లి గుడి కుంకుమ తడిపి నా ముఖం నిండా పెద్ద బొట్టు పెట్టింది. బెంగుళూరులో ఆట మొదలయ్యే ముందు నూకరాజు దాన్ని శుభ్రంగా తుడిచాడు. అంతా పోయింది గానీ సన్నటి ఎర్ర గీత ఒకటి మిగిలింది, వెంట్రుక మందం. గుడ్డ తడిపి మళ్లీ రుద్దాడు. పోలేదు.

"తల్లి నాతోనే వొచ్చినాది" అనుకుని కళ్లకద్దుకున్నాడు. అది పగులు. కుంకుమ అందులోకి దిగింది.

పోటీ రెండు రోజులు. మొదటి ముప్పై మందిలో ఉంటే అర్హత. మొదటి రోజు అతను ఆడిన ఆట నేను చచ్చేదాకా మరిచిపోను, చచ్చేది ఎలాగూ శనివారమే అనుకోండి. తన సంచి తనే మోసుకుంటూ పదిహేడో స్థానంలో నిలిచాడు. ఈ ఆటలో ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత గొప్ప; రెండో రోజు పద్దెనిమిదిలో పదమూడు గుంతలు అయ్యేసరికి, ఇంకో రెండు దెబ్బలు ఎక్కువైనా గట్టెక్కేట్టు ఉన్నాడు. పద్నాలుగో గుంత దగ్గర ఎత్తి కొట్టాడు. నా ముఖం లోపలికి వంగింది, మళ్లీ పూర్తిగా బయటికి రాలేదు.

చప్పుడు మొద్దుగా వచ్చింది. బంతి కుడివైపు ఒరిగి హద్దు బయట పడింది. కర్ర అంచున తగిలినా అలాంటి చప్పుడే వస్తుంది కనక అతను కుడి భుజం వైపు చూసుకున్నాడు. నా వైపు చూడలేదు. ఇంకో బంతి పెట్టి మళ్లీ నాతోనే కొట్టాడు. అదీ అక్కడికే పోయాక చిన్న కర్ర తీశాడు. హద్దు దాటిన ప్రతి బంతికీ రెండేసి దెబ్బలు నష్టం. నా ముఖం చూడరా నాయనా అని నేను ఎంత మొత్తుకుంటే మాత్రం ఏం లాభం. రెండు దెబ్బల తేడాలో పోయాడు.

తిరిగొచ్చాక డాక్టర్‌గారు ఒక మాట అన్నారు. "కర్రలో ఏమైనా లోపం ఉందేమో డేనియల్‌తో చూపించు. ఉంటే కమిటీకి చెప్పి, ఈ ఏడాది నీకు మోత లేకుండా చూసి, వచ్చే ఏడు మళ్లీ పంపిద్దాం." నూకరాజుకి ఇష్టం లేదు. అయినా పెద్దమనిషి మాట కాదనలేక నన్ను పట్టుకుని వచ్చాడు.

"కర్రని కాదు గానీ డేనియలూ, నన్ను కొలిసి సూడు" అన్నాడు.

మూడు బంతులు కొట్టాడు. కర్ర వేగం నూట అయిదు. బంతి వేగం నూట నలభై రెండు. మనిషి ఇంచు కూడా తగ్గలేదని, చచ్చింది కర్రేనని తెర మీద పట్టపగలులా రాసి ఉంది. నూకరాజు మంచినీళ్లకి పక్కకి వెళ్లాడు. డేనియల్ నన్ను తిరగేసి ఎర్ర గీత మీద గోరు పోనిచ్చాడు. గోరు అందులో చిక్కుకుంది. అతని ముఖం పాలిపోయింది. నూట యాభై మూడు గుర్తొచ్చి ఉంటుంది. ఆ సంగతి బయటపడితే క్లబ్బులో ఇంకెవరు అతని గది తొక్కుతారు? తెర ఆర్పేశాడు.

"ఏటంటంది మిషను?"

"కర్ర బాగానే ఉందన్నా. భుజమే... బాగా అలిసిపోయింది."

నూకరాజు తలూపాడు. అతనికి కోపం రాలేదు, అదే నాకు భరించలేని సంగతి. "నాను ముందే సెప్పినాను డాక్టరుబాబుకి. దాని తప్పేటీ లేదు" అన్నాడు. తడిగుడ్డ తీసుకుని అలవాటు ప్రకారం నా ముఖం తుడిచాడు. బొటనవేలు గీత మీదుగా వెళ్లింది. పాతికేళ్లు సంచి పట్టీలు లాగి లాగి కాయ కాచిన వేలు, దానికి ఏమీ తెలియలేదు.

"నానోడిపోయినా తల్లి బొట్టు పోనేదు సూడు" అన్నాడు డేనియల్‌తో. "ఇంక నాకెందుకిది. ఆడీవోడెవుడికైనా ఇచ్చీ."

డేనియల్ ఎవరికీ ఇవ్వలేదు. నూకరాజు వెళ్లగానే నన్ను గోనెసంచిలోకి తోసేశాడు.

మద్దెల ఓడని చెప్పేవాళ్లని చూసి మీరు నవ్వుతారు. మద్దెల నిజంగానే ఓడై, ఆడేవాడు మాత్రం తన కాళ్లనే తిట్టుకుంటే ఏమనాలో మీ సామెతల్లో ఉందేమో వెతకండి. ఈ ఉదయం కిటికీ అవతల సంచి చప్పుడు వినపడింది. డాక్టర్ వర్మగారి సంచి. అప్పుడు తిప్పి పంపిన కొత్త డ్రైవర్ ఒకటి అందులోంచి తల బయటపెట్టి ఉంది. నూకరాజు ఆ సంచిని ఎడమ భుజం మీద మోస్తున్నాడు.