పాత సంపుటాలు వచ్చే కుళాయి

వ్యవసాయ కళాశాల లైబ్రరీకి పరిశోధన పత్రికలు కుళాయిలో వస్తాయి. పొద్దున పదింటికి వదులుతారు, సాయంత్రం అయిదింటికి కట్టేస్తారు.

కుళాయి పత్రికల హాలు చివర, కిటికీ కింద ఉంది. చదువుకునేవాళ్ళు బిందెలు తెచ్చుకుని వరుసలో నిలబడతారు. వంతు వచ్చినవాళ్ళు కుళాయి మూతి దగ్గర వంగి తమకు కావలసినదేదో చెబుతారు. ఆ వ్యాసం బిందెలోకి దిగుతుంది. నీళ్ళు తేటపడ్డాక అంచు మీద చేతులానించి చదువుకోవడమే. ఒక బిందెలోకి ఒకేసారి ముగ్గురు తొంగిచూడవచ్చు. నాలుగో మనిషి వంగితే నీళ్ళు మబ్బుపడతాయి. పత్రికలమ్మేవాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో అట్లా రాసి ఉంది. బిందె గేటు దాటితే అందులో ఉత్త నీళ్ళే మిగులుతాయి. అదీ రాసి ఉంది.

కుళాయి కింద ఒలికిన అక్షరాలను తుడవడం తిమ్మక్క పని. తడిగుడ్డ పిండితే బకెట్టులో సగం సగం మాటలు తేలుతాయి. యాభై నాలుగేళ్ళ వయసులో ఆమె చదువు నేర్చుకున్నది ఆ బకెట్టులోనే. పత్రికల విభాగం చూసే వహీదా మేడమ్ మధ్యాహ్నం పూట ముక్కాలిపీట వేసుకుని పక్కన కూచుని, తేలినదాన్నల్లా చదివించింది. ముందు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, కుళాయిలో వచ్చేవి అవే గనక. తెలుగు ఆ తర్వాత, మేడమ్ సుద్దముక్కతో నేల మీద రాసి చూపిస్తే వచ్చింది.

ఈ రోజు కుళాయి మెడకు ఒక కాగితం కట్టి ఉంది. తిమ్మక్క కూడబలుక్కుని చదువుతుంది. పాత సంపుటాలు ఈ సాయంత్రం అయిదు వరకే.

"రేపట్నుంచి రావా మేడమ్?"

"కొత్తవి వస్తాయి తిమ్మక్కా. పాతవాటికి ఒప్పందం అయిపాయె. అవతలోళ్ళు పాతవన్నీ వేరే కట్ట కట్టుకున్నారంట. మనం ఆ కట్టలో లేము."

"అవి మనవే గదా. ఈడనే ఉన్నెవి గదా."

"ఉన్నప్పుడు ఉన్నెలే" అంటుంది వహీదా.

నిజమే, ఉన్నప్పుడు ఉన్నాయి. అప్పట్లో పత్రికలు పోస్టులో గోనెసంచుల్లో వచ్చేవి. సంచి విప్పితే దూరదేశాల చలి కొంచెం బయటికి వచ్చేది. ఏడాదికొకసారి వాటిని బైండింగు గదికి పంపేవాళ్ళు. మైదాపిండి జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉడికించే వాసన మెట్ల దాకా కొట్టేది. పంటలవాటికి ఆకుపచ్చ క్యాలికో గుడ్డ, పశువులవాటికి ఎరుపు, మట్టివాటికి గోధుమరంగు. చదువు రాని తిమ్మక్కకు కూడా ఏ సంపుటం ఎక్కడుండాలో తెలిసేది. వచ్చిన పత్రిక మళ్ళీ వెనక్కి పోవచ్చునని అప్పుడెవరికీ తోచలేదు.

అందులో ఒక ఆకుపచ్చ సంపుటం, మూడో అలమరలో కిందినుంచి రెండో వరుసది, ఆమె మొగుడిది.

ఆయన పరిశోధన క్షేత్రంలో కూలీగా చేరి, వాన కొలిచే పనికి కుదురుకున్నాడు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు గాజు సీసాను కళ్ళకు సమంగా ఎత్తి, కొలత చూసి, రిజిస్టరులో అంకె వేసి వచ్చేవాడు. ఆ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు వేయవలసిన అంకె సున్నాయే.

"వాన రాని దినం గూడా పోవల్లనా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"రాలేదని ఎవురో ఒకరు చూసి చెప్పల్ల గదా" అన్నాడు ఆయన.

ఆ అంకెలతో అక్కడి శాస్త్రవేత్త ఒక వ్యాసం రాసి, చివర ఆయన పేరు వేశాడు. ఆ సంపుటం బైండయి వచ్చిన రోజు ఆయన తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని లైబ్రరీకి వచ్చాడు. పేజీ తీసి, ఆమె వేలు పట్టుకుని ఒక నల్లటి గీత మీద పెట్టాడు. "ఈడుండాది నా పేరు" అన్నాడు. ఆమెకు చీమంత నలుపు తప్ప ఏమీ కనబడలేదు. కనబడినట్టే తల ఊపింది. పదకొండేళ్ళు దాని దుమ్ము దులిపింది.

ఆయన పోయాడు. తర్వాత కుళాయి వచ్చింది. కుళాయి ఉండగా అలమరలెందుకని సంపుటాలను లారీలకెత్తించారు. ఆమెకు అక్షరాలు వచ్చింది ఆ మరుసటి ఏడు.

అడిగితే కుళాయి ఆ పేజీ ఇచ్చేదే. నాలుగేళ్ళుగా, రేపు అడగొచ్చులే అనుకుంటూ వచ్చింది. ఈ రోజుకు రేపు లేదు. తిమ్మక్క తుడిచే గుడ్డ పక్కన పెట్టి, ఇంటి నుంచి ఇత్తడి బిందె తెచ్చుకుని వరుసలో నిలబడుతుంది.

ముందున్నవాళ్ళంతా పాతవాటి కోసమే వచ్చారు. ఎరువుల ప్రొఫెసర్ వీరభద్రయ్య రెండు బిందెలతో వచ్చి, ఒకటి తనకు కాదని అందరికీ చెబుతున్నాడు.

తిమ్మక్క వంతు వస్తుంది. కుళాయి మూతి దగ్గర వంగుతుంది. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ఆమె మొగుడి పేరు పలికి ఎరగదు. పెళ్ళాం పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు పెళ్ళినాడే చెప్పారు. రేషన్ షాపులో, ఆసుపత్రిలో, ఓట్ల దగ్గర, పక్కనున్నవాళ్ళు ఎవరో ఒకరు అందించేవాళ్ళు. ఇంట్లో ఆయన్ను పిలవడానికి ఆమెకు పెద్ద కొడుకు పేరు చాలింది.

"మా రమణ వాళ్ళ నాయన" అంటుంది కుళాయితో.

కుళాయి కొంచెంసేపు ఆలోచించి ఇస్తుంది. బిందె నిండుతుంది. అందులో రమణల నాయనలు నూట పదిమంది ఉన్నారు. ఒకాయన నువ్వుల మీద రాశాడు, ఒకాయన గొర్రెల గిట్టల మీద రాశాడు. ఒకాయన ఏమీ రాయలేదు, పొరపాటున వచ్చానని చెప్పి చేతులు కట్టుకుని అడుగున కూచున్నాడు.

"ఏమ్మే తిమ్మక్కా, ఈ జిల్లాలో రమణకు నాయన గానోడు యాడుండాడు? వాణ్ణి అడిగింటే సులువుగా దొరుకుండు" అంటాడు ప్రొఫెసర్.

"మీ కొడుకు పేరేంది సార్?"

ప్రొఫెసర్ తన రెండు బిందెలూ కొంచెం పక్కకు జరుపుకుంటాడు. "వెంకటరమణ" అంటాడు.

ఒకసారి అడిగినవాళ్ళు మళ్ళీ అడగాలంటే వరుస చివరికి వెళ్ళాలి. తిమ్మక్క రమణల నాయనలను జాగ్రత్తగా తూములో పోసి వెనక్కి నడుస్తుంది. పొద్దున ఆరు కిటికీలున్న హాలుకు ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. ఆమె మనసులో ఆ పేరు మెదిలినప్పుడల్లా హాలు ఒక కిటికీ మేర పొడుగవుతోంది.

రెండోసారి ఆమె తెలివిగా అడుగుతుంది. "దినామూ ఎనిమిదిన్నరకు వాన కొలిచే ఆయన."

ఈసారి బిందె నిండా మనుషులు. ప్రపంచంలో వాన కొలిచేవాళ్ళంతా సీసాలను కళ్ళకు సమంగా ఎత్తి నిలబడి ఉన్నారు. ఒకాయన మంచులో ఉన్నాడు, ఒకాయన పడవలో ఉన్నాడు. అందరూ కొలత చూడడం ముగించి, మర్యాదగా ఆమె వైపు తిరిగి, తాము కాదన్నట్టు తల ఊపుతారు. పడవలో ఉన్నాయన మాత్రం, తను అయితే బాగుండునన్నట్టు, ఒక్క క్షణం ఆలస్యంగా ఊపుతాడు.

ఆమె వాళ్ళను కూడా తూములో పోసి, పద్నాలుగో కిటికీ దాకా నడుస్తుంది. గంట నాలుగు దాటింది. వహీదా వరుస పక్కనే ఆమెతోపాటు నడుస్తుంది.

"పేరు నాకు చెప్పు తిమ్మక్కా, నేనడుగుతా."

"మీకు చెప్పినా నేను చెప్పినట్టే గదా మేడమ్."

"రిజిస్టరులో చూసొస్తా."

"ఆ రిజిస్టరు క్షేత్రంలో ఉండాది గదా మేడమ్. మీరు పోయొచ్చేలోపల అయిదయితుంది. నాకు మళ్ళీ నలుపే."

వహీదాకు అది నిజమని తెలుసు. "పోనీ రాసి చూపిస్తే?"

"కుళాయికి చెవి ఒకటే ఉండాది. కండ్లు లేవు."

పదో కిటికీ దగ్గర వహీదా నెమ్మదిగా అంటుంది. "ఆయన పోయి తొమ్మిదేళ్ళాయె. ఇంక తగ్గిపోయేదానికి ఆయుష్షు యాడుంది తిమ్మక్కా?"

"మిగిలింది ఆ పేరే గదా మేడమ్" అంటుంది తిమ్మక్క. "పిలిస్తే అది గూడా తగ్గిపాయెననుకో. అప్పుడేం జేయల్ల?"

తిమ్మక్క బిందె అంచు ఒకవైపు వహీదా పట్టుకుంటుంది. ఖాళీ బిందె అయినా ఇద్దరికీ బరువుగానే ఉంది.

కుళాయి దగ్గరికి వచ్చేసరికి అయిదుకు నాలుగు నిమిషాలుంది. వాల్వు కట్టే కేశవులు పొడుగాటి ఇనప కడ్డీ పట్టుకుని అప్పటికే వచ్చి నిలబడ్డాడు.

"బిరీన చెప్పక్కా. అయిదుకు కట్టకపోతే వాళ్ళు నన్ను కట్టేస్తారు."

తిమ్మక్క వంగుతుంది. నోట్లో పేరు ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉందని, నాలుక కింద ఇన్నేళ్ళూ చోటిచ్చి దాన్ని పెట్టుకునే అన్నం తిన్నానని ఆమెకు ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడే పీకిన వేరుశనగ కాయలాగా దానికి పచ్చి మట్టి రుచి ఉంది.

"కదిరప్ప" అంటుంది.

హాలు ఒక్కసారి తన ఆరు కిటికీలకు కుదించుకుపోతుంది. వరుసలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తగులుకుని సర్దుకుంటారు. కుళాయి మొదట నీళ్ళివ్వదు. "ఊఁ" అంటుంది, పక్కగదిలో ఏదో పనిలో ఉన్న మనిషి పలికినట్టు. ఆ తర్వాత ధార మొదలవుతుంది.

బిందెలో ముందు సున్నాలు దిగుతాయి. పద్నాలుగేళ్ళ సున్నాలు, ఒకదాని వెనక ఒకటి. మధ్యలో అక్కడక్కడ ఒక నాలుగు, ఒక పదకొండు. ఒకచోట అరవై రెండు ఉంది. ఆ రోజు ఇంటి చూరు కారితే, ఆయన తడిసి వచ్చి, టైరు చెప్పులు విడిచి, నవ్వు ఆపుకోలేక గడపలోనే కూచున్నాడు. తిమ్మక్క తొంగిచూస్తుంది, వహీదా చూస్తుంది. మూడో చోటు ప్రొఫెసర్ అడక్కుండానే తీసుకుంటాడు.

"ఒక్క దినం గూడా వదల్లేదే" అంటాడు ఆయన. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "మేమంతా ఆదివారాలు వదిలేసేవాళ్ళం."

చివరి పేజీ పైకి వస్తుంది. తిమ్మక్క నీళ్ళను తాకకుండా, వేలు పైన ఆడిస్తూ ఒక్కొక్క అక్షరం చదువుతుంది. తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు. ఆ ముందున్న మాటలు ఆమెకు రావు.

"ఏమనుండాది మేడమ్?"

"క్షేత్రంలో రోజూ వాన కొలిచిన కదిరప్పకు రచయిత కృతజ్ఞుడు అని."

"పేరు బాగా పెద్దగా వేసినారా?"

"అందరిదీ ఎంతుందో అంతే వేసినారు."

"అది చాల్లే" అంటుంది తిమ్మక్క. మరోసారి చదువుతుంది. ఈసారి వేలు అవసరం లేకుండా చదువుతుంది.

కేశవులు కడ్డీ తిప్పుతాడు. అయిదయింది. హాలంతా బిందెల్లో నీళ్ళు తెల్లబడతాయి. ప్రొఫెసర్ తన రెండో బిందెలోకి చూసుకుని, "ఇంకా అది చదవనే లేదు" అంటాడు. తిమ్మక్క బిందెలో సున్నాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అరవై రెండు కొంచెం ఆగి ఆరిపోతుంది. ఆఖరున పేరు కరుగుతుంది.

ఆమె నోరు గట్టిగా మూసుకుంటుంది. కుళాయి ఇచ్చింది కుళాయి తీసుకుపోయింది. తను కుళాయికి ఇచ్చింది మాత్రం నోట్లోనే ఉంది. పలికినందువల్ల ఏమీ తగ్గలేదు. ఇంకా కొంచెం పెరిగినట్టుంది కూడా, బుగ్గలు పట్టడం లేదు.

గేటు దగ్గర కేశవులు అందరి బిందెలూ చూసి పంపుతున్నాడు. తిమ్మక్క బిందెలో ఉత్త నీళ్ళు. అయినా అతను చేయి అడ్డం పెడతాడు.

"నోట్లో ఏముందక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

"చూపించు. లోపలిదేదీ బయటికి పోకూడదు. ఒప్పందం."

"ఒప్పందంలో నోటి మాట లేదు కేశవా. బిందె మాటే ఉంది" అంటుంది వెనకనుంచి వహీదా.

"లేకపోతే లేదులే మేడమ్. ఊరికే చూస్తా."

తిమ్మక్క నోరు తెరుస్తుంది. కేశవులు వంగి చూస్తాడు. చాలాసేపు చూస్తాడు. కడ్డీని గోడకు ఆనిస్తాడు.

"లోపల దీపం పెట్టుండారు" అంటాడు వహీదాతో, గొంతు తగ్గించి. "ఎవరో మంచం మీంచి లేస్తాండారు. నన్నెవురో పిలిచినారే, ఎవురది, అని అడుగుతాండారు."

"చెప్పు మరి."

"ఇంటి బయట నిలబడి చెప్తే ఏం మర్యాద మేడమ్."

అతను చెప్పులు విడిచి ఆమె పాదాల దగ్గర జతగా పెడతాడు. తల వంచుకుని, కింది పళ్ళను గడప దాటినట్టు దాటి, లోపలికి అడుగు పెడతాడు. ఎర్రమట్టి అంటిన అరికాలు చల్లగా తిమ్మక్క నాలుకకు తగులుతుంది. జాగ్రత్త, లోపల మెట్టుందని చెప్పాలనిపిస్తుంది. కానీ నోరు కదిపితే అతనికి తల తగులుతుంది.

లోపల ఎక్కడో దూరంగా ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మాటలు అందడం లేదు. ఒకరు నవ్వుతారు. కేశవులు అట్లా నవ్వడు.

తిమ్మక్క నోరు తెరుచుకునే గేటు పక్కన నిలబడుతుంది. ఆమె కాళ్ళ దగ్గర, కేశవులు విడిచిన జత పక్కన, ఇంకొక జత ఉంది. టైరు చెప్పులు, తడిసి ఉన్నాయి. లోపలికి పోయిన మనిషి విడిచినట్టు కాకుండా, బయటికి రాబోయే మనిషి వెంటనే తొడుక్కునేందుకు వీలుగా, వాటి వేళ్ళ వైపు రోడ్డుకు తిప్పి పెట్టి ఉంది.