అల్లుడుగారి చీజ్ పుల్లలు

లిఫ్టులు బాగుచేసే ఆ అల్లుడికి అత్తగారింట్లో ఏ లోటూ లేదు, ఒక్క తిట్టు తప్ప.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. వార్డులో ఆవిడ నోటికి కొమ్ములు తిరిగిన డాక్టర్లే పక్కకు తప్పుకుంటారు. కూతురు, పాలవాడు, మేడ మీద అద్దెకున్న లాయరు, గోడ దూకే పిల్లి, అందరికీ రోజూ తలా నాలుగు అక్షింతలు పడాల్సిందే. అల్లుడు కనబడితే మాత్రం ఆ నోట్లోంచి తేనె కారుతుంది. "మీరు కూర్చోండి అల్లుడుగారూ. మీకెందుకండీ శ్రమ." తాగిన కాఫీ కప్పు కడగబోయినా చేతిలోంచి లాక్కుంటుంది.

ఊహ తెలియకముందే అమ్మానాన్నలు పోయి హాస్టళ్ళలో పెరిగినవాడతను. పెళ్ళితో తనకూ ఓ ఇల్లు దొరికిందనుకుంటే, ఎనిమిది నెలలైనా చుట్టంగానే ఉండిపోయాడు. చుట్టాన్ని ఎవరు తిడతారు? ఆ మాటే పెళ్ళాంతో అంటే, "తిట్లు కావాలా? నా దగ్గర బోలెడున్నాయి" అంది.

"నీవి రోజూ తింటూనే ఉన్నాగా. నాకు అమ్మ తిట్లు కావాలి" అని పైకి నవ్వేశాడు.

అత్తగారు రిటైరయింది. ఆదివారం సాయంత్రం ఇంట్లో పార్టీ, ముప్ఫైమంది వస్తారు. చీజ్ పుల్లలు తనే చేస్తానని అల్లుడు పట్టుబట్టాడు. అల్లుడి మాట కాదనలేక ఆవిడ వంటిల్లు అప్పజెప్పింది.

తురిమిన చీజు, చల్లటి వెన్న, మైదా, ఉప్పు, కారం. వేళ్ళ కొసలతో రవ్వలా నలిపి, రెండు చెంచాల చన్నీళ్ళు చల్లి ముద్ద చేశాడు.

"అంతసేపు పిసికితే గట్టిపడుతుందేమో అల్లుడుగారూ" అంది గుమ్మంలోంచి అత్తగారు. వెంటనే నాలిక్కరుచుకుని, "మీ ఇష్టమనుకోండి" అంది.

ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఒత్తి, టూల్‌బాక్సులోని స్టీలు స్కేలు శుభ్రంగా కడిగి కొలిచాడు. అర సెంటీమీటరు మందం, వెంట్రుకవాసి తేడా లేదు. పట్టీలు కోసి, మెలిపెట్టి, ట్రేలో పేర్చి ఒవెన్‌లోకి తోశాడు.

మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో చూడకపోతే లిఫ్టు మెకానిక్కుకి తోచదు. మూడో నిమిషంలో తలుపు తీసి చూశాడు. అత్తగారు పళ్ళు బిగబట్టింది. ఆరో నిమిషంలో మళ్ళీ తీశాడు. ఆవిడ దగ్గింది. ఎనిమిదో నిమిషంలో మళ్ళీ చెయ్యి వేశాడు.

"ఒరేయ్ వెధవా! తలుపు తియ్యకురా! వేడంతా పోతోంది! ఎన్నిసార్లు తీస్తావ్, బుద్ధుందా నీకు?"

అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యయ్యో... ఏదో నోరు జారింది అల్లుడుగారూ. మీరేమీ అనుకోకండి."

అతని కళ్ళు నిండిపోయాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంకోసారి 'మీరు' అన్నారంటే మాత్రం అనుకుంటానత్తయ్యా!"

ముప్ఫై అయిదేళ్ళు రోగుల మొహాలు చూసిన మనిషి. నొప్పి ఎక్కడుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసింది.

"అయితే పోయి ఆ మూల నిలబడు. నేను చెప్పేదాకా కదిలావంటే వాత పెడతాను" అంది.

అతను వెళ్ళి మూల నిలబడ్డాడు. జీవితంలో అంత సంతోషంగా ఎక్కడా నిలబడలేదు.

సాయంత్రం ప్లేట్లు చూస్తూండగానే ఖాళీ అయ్యాయి. "కరకరలాడుతున్నాయి, ఎవరు చేశారక్కా?" అని అడిగింది ఓ నర్సు.

"మావాడే. చెబితే వినడు గానీ, చెయ్యి మంచిదే" అంటూ ఆవిడ వంటింటివైపు తిరిగి కేకేసింది. "ఒరేయ్, ఆ రెండో ట్రే పట్రా! పిలిస్తే పలకవేంరా?"

అతనికి వినబడింది. ఇంకోసారి పిలవనీ అని, ట్రే పట్టుకుని తలుపు చాటునే నిలబడ్డాడు.