బల్ల దాటని వేణువు

మా దుకాణంలో వేణువును కళ్ళతో ఎంచుకోనివ్వం. అది మా మామయ్య పెట్టిన పద్ధతి. వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర దారాలకు వేలాడుతున్న గాజు వేణువుల్ని చూడగానే, ఆ నీలంది బాగుంది, ఈ చారలది బాగుంది అంటూ చెయ్యి చాపుతారు. నేను ఆ చేతిని మర్యాదగానే పక్కకు జరుపుతాను. అందులో మర్యాద ఏమీ లేదని మా ఆయన అంటాడు. నాకు ముక్కు మీదే కోపం అని ఊరంతా చాటింపు వేసింది కూడా ఆయనే కాబట్టి ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

ముందుగా, రంధ్రాలేవీ లేని ఉత్త గాజు గొట్టం చేతికిస్తాం. అది కిటికీ గట్టు మీద పడి చల్లగా ఉంటుంది. చలికాలం పొద్దున్నే, వీధిలో మంచు విడవకముందే రమ్మంటాం. గుండెల నిండా గాలి పీల్చి, ఆ గొట్టంలోకి ఒక్కసారి నిదానంగా వదలమంటాం. ఊపిరి చల్లటి గాజుకు తగిలి లోపలంతా తెల్లగా పట్టేస్తుంది. దాన్ని మేం మబ్బు అంటాం. మబ్బు ఎన్ని వేళ్ళ దూరం పోయిందో చూసి వేణువు తేలుస్తాం. పన్నెండు వేళ్ళు దాటితే పొడుగుది, అడుగు గొంతుది. ఎనిమిదైతే మధ్యస్థం. అయిదారు దగ్గరే ఆగిపోతే పొట్టిది, సన్న గొంతుది. మనుషులు తమ గురించి తాము నానా గొప్పలూ చెప్పుకుంటారు గానీ మబ్బు ఉన్నదున్నట్టు చూపిస్తుందని నా గట్టి నమ్మకం. పదకొండేళ్ళుగా ఆ నమ్మకంతోనే ఈ పని చేస్తున్నాను.

ఆ రోజు వచ్చిన పెద్దాయన మెడకు గళ్ళ మఫ్లర్ మూడు చుట్లు చుట్టుకుని ఉన్నాడు. మా దుకాణానికి ఇరవై రెండు మెట్లెక్కాలి. భార్య ముందు వచ్చేసింది. ఆయన మెట్ల మలుపులో చాలాసేపు ఆగిపోయాడు. ఆయాసం తీర్చుకుంటున్నాడు పాపం అనుకున్నాను. ఆవిడకు కూర్చోండమ్మా అని కుర్చీ చూపించాను. ఆవిడ నా వైపు కూడా తిరగకుండా నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అప్పుడే ఎండ వచ్చి గాజు వేణువుల్లోంచి దూరి ఆవిడ తెల్లటి జుట్టు మీదా బుగ్గల మీదా రంగులు పోసింది. నీలం, తేనె రంగు, లేత ఆకుపచ్చ. ఆవిడ చెయ్యి చాపి ఆ రంగుల్ని అరచేతిలో పట్టుకుని, మూసి, తెరిచి చూసుకుంటోంది. కోపం తెచ్చుకుందామనుకున్నదాన్ని అలా చూస్తూ ఉండిపోయాను.

పెద్దాయన వచ్చి కూర్చుని సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళు వేణువు వాయించాడట. మూడేళ్ళ కింద ఊపిరితిత్తులకు జబ్బు చేసి మంచాన పడ్డాడు. ఆ తర్వాత డాక్టరు కాస్త కాస్తగా ఊదవచ్చని ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉన్న పాత పొడుగు చెక్క వేణువు పగిలిపోయింది. ఆయనకు కావలసింది ఒక్కటే: మా దగ్గరున్న వాటిలోకెల్లా పొడుగుది, గొంతు బాగా కిందికి దిగేది. వేరేది వద్దు. ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

ఏది కావాలో చెప్పాల్సింది మీరు కాదు, ఈ గొట్టం అన్నాను. ఆయన బుద్ధిగా తలూపి, గొట్టం అందుకుని ఊదాడు.

మబ్బు పద్నాలుగు వేళ్ళు పోయింది. నేను నమ్మలేక రెండోసారి కొలిచాను. పద్నాలుగే. మెట్లెక్కడానికే అంత అవస్థ పడిన మనిషికి ఇంత ఊపిరెక్కడిదీ అని మామయ్య వైపు చూశాను. ఆయన మూలన తన పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయని మంట దగ్గరికి రావడం మానేశాడు గానీ ఆయన కళ్ళు పడని వేణువు మా గడప దాటదు. గొట్టాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, చెవి గోక్కున్నాడు. ఆయన చెవి గోక్కున్నాడంటే ఏదో ఉందని నాకు తెలుసు. తెలిసీ, కొలత కళ్ళ ముందుంది కదా అని పట్టించుకోలేదు.

వారం రోజులు ఆ వేణువు మీదే కూర్చున్నాను. నా పనిలో నాకు ఇష్టమైన ఘడియ ఒకటుంది. మంటలో తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒక క్షణాన గాజు గాజులా ఉండటం మానేస్తుంది. ఎర్రబడి, మెత్తబడి, చేతుల మధ్య తేనెపాకంలా వేలాడుతుంది. అప్పుడు గట్టిగా ఊపిరి కూడా తీయకూడదు. రంధ్రం కావలసిన చోట సన్నటి మంట తగిలించి, అవతలి కొసనుంచి ఊదితే అక్కడ చిన్న బుడగ లేచి ఫట్‌మని విచ్చుకుంటుంది. అంచుల్ని మళ్ళీ మంటకు చూపించి నునుపు చేయాలి. ఆ తర్వాత బట్టీలో పెట్టి ఒక పూటంతా నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడితే ఇంత పనీ పెళపెళా పగిలిపోతుంది. అలా ఏ తొందరా లేకుండా చేశాను ఆయన వేణువు. రంధ్రాలు ఏడు, పొడవు మూర కంటే ఎక్కువ. వాయించి చూస్తే గది నేల కూడా వింటున్నట్టనిపించింది. గర్వపడ్డాను.

చెప్పిన రోజుకు ఇద్దరూ వచ్చారు. ఈసారి మెట్ల మలుపులో ఆగలేదు. ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గర తన రంగుల్లోకి వెళ్ళిపోయింది. పెద్దాయన వేణువును రెండు చేతులా అందుకుని, పెదవికి ఆనించి ఊదాడు.

గాలి వచ్చింది, శబ్దం రాలేదు. మళ్ళీ ఊదాడు. మొదటి స్వరం ఇలా పలికి అలా ఆరిపోయింది. మూడోసారికి దగ్గు తెర పట్టుకుంది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. నేను నీళ్ళిచ్చి, వేణువు లాక్కుని, గట్టు మీది ఉత్త గొట్టం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఊదండి అన్నాను. మబ్బు అయిదు వేళ్ళ దగ్గర ఆగి, చూస్తూండగానే మాయమైంది.

“నిజం చెప్పండి. ఆ రోజు ఏం చేశారు?” అన్నాను.

ఆయన సంచీలోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు, దొంగసొత్తు అప్పగిస్తున్నట్టు. మా దగ్గర వేణువు కొన్నవాళ్ళెవరో ఈ మబ్బు సంగతి ఆయనకు చెప్పారట. ఊపిరి వేడిగా, తడిగా ఉంటే మబ్బు దూరం పోతుందని ఆలోచించి, మెట్ల మలుపులో నిలబడి పొగలు కక్కే నీళ్ళు రెండు కప్పులు తాగి వచ్చాడట. నాలుక కాలి రెండు రోజులు రుచి తెలియలేదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మబ్బు చివర నీటి చుక్కలు కారడం ఆ రోజు నేనూ చూశాను. అది వేడినీళ్ళ పని అని పోల్చుకోలేకపోయాను. మామయ్య పోల్చుకునే చెవి గోక్కున్నాడు. ఆయన మీద కోపమూ, నా మీద కోపమూ కలిపి పెద్దాయన మీద కుమ్మరించాను. మీ మేలు కోరే ఈ పద్ధతి పెట్టుకున్నాం, మీకు మీరే టోకరా వేసుకున్నారు, ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నాను. పొట్టిది తీసుకోండి, మీ ఊపిరికి హాయిగా పలుకుతుంది, ఇప్పుడే ఇస్తాను అన్నాను. ఆయన తల దించుకుని అంతా విన్నాడు. ఆఖర్న కిటికీ వైపు ఒకసారి చూశాడు.

“పొట్టిది ఇంట్లో ఉందమ్మా,” అన్నాడు. “జబ్బు తగ్గాక దాన్నే వాయించేవాణ్ణి. బాగానే పలికేది.”

“మరింకేం?”

“ఒకరోజు ఆవిడ బట్టలు మడతపెడుతోంది. నేను వెనకాల కూర్చుని వాయిస్తున్నాను. ఆవిడకు ఇష్టమైన పాటే. మడతపెడుతూ పెడుతూ, వెనక్కి తిరక్కుండానే, ‘మీరు వాయించడం ఎందుకు మానేశారండీ?’ అని అడిగింది.”

నేను కిటికీ దగ్గరున్న ఆవిడ వైపు చూశాను.

ఆయనే మెల్లగా చెప్పాడు. రెండేళ్ళుగా ఆవిడకు వినికిడి తగ్గుతూ వస్తోంది. సన్నటి శబ్దాలు ముందు పోయాయి. తలుపు గంట వినపడదు, ఫోను వినపడదు, పిట్టల కూత వినపడదు. వీధిలో లారీ వస్తే మాత్రం ముందే కనిపెడుతుంది. చెవిలో పెట్టుకునే మిషను తెచ్చిస్తే చెవిలో గింజలు వేయించినట్టుందని తీసి డబ్బాలో పెట్టేసింది. మనుషుల మాటల్లో బొంగురు శబ్దం ఒక్కటే అందుతోంది, మాట అందడం లేదు. గంభీరమైన గొంతున్న వేణువైతే వింటుందని ఆయన ఆశ. ఆ రోజు ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాడని అడిగాను. లేచి వెళ్ళి వేణువును సొరుగులో పెట్టేశాడట.

నేను ఎంత కోపిష్టిదాన్నయినా రాతిగుండెదాన్ని కాదు. కళ్ళు తుడుచుకోవడానికి బట్టీ తలుపు తీసి లోపలేదో చూస్తున్నట్టు నటించాను. ఆయన ఊపిరికి సన్న గొంతుదే తగుతుంది. ఆవిడ చెవికి అడుగు గొంతుదే అందుతుంది. ఈ రెంటికీ మధ్య నా చేతుల్లో ఏ పనీ లేదనిపించింది.

అప్పుడు మూలనుంచి మామయ్య గొంతు వినిపించింది. “అమ్మాయీ, అటక మీద మూగది ఉంది కదా, దింపు.”

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. మూగది అంటే నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చేసిన మొట్టమొదటి వేణువు. మంటలో గాజు మెత్తబడగానే కంగారుపడి లాగేశాను. గొట్టం పొడుగ్గా సాగి, చిటికెన వేలంత సన్నబడిపోయింది. రంధ్రాలు మాత్రం పట్టుదలగా పెట్టాను. పలుకుతుంది. గొంతు కిందికే దిగుతుంది. కానీ దాని శబ్దం బల్ల దాటదు. అది చూసి మా ఆయన నెల రోజులు నవ్వాడు. పగలగొట్టేస్తానంటే మామయ్య ఒప్పుకోక తీసి దాచిపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ చూపించలేదు.

“మామయ్యా, అది ఎవరికీ వినపడదు,” అన్నాను.

“సన్నగా ఉంది కాబట్టి గాలి కొంచెమే తాగుతుంది,” అన్నాడాయన. “ఎంతమందికి వినపడాలేంటి?”

స్టూలెక్కి దింపాను. దుమ్ము కడిగి, తుడిచి, తలెత్తకుండా పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పెదవికి ఆనించుకున్నాడు. పెద్ద ఊపిరేమీ తీసుకోలేదు. లోపల సన్నటి మబ్బు లేచి, దారంలా చివరిదాకా పాకింది. అరక్షణం ఏమీ లేదు. తర్వాత చాలా కిందినుంచి, పక్కింట్లో ఎవరో నిద్రలో మూలిగినంత చిన్నగా, ఒక స్వరం వచ్చింది. వచ్చి ఆగిపోకుండా నిలబడింది. ఆయనకు దగ్గు రాలేదు. కళ్ళు పెద్దవి చేసి నావైపు చూశాడు.

కిటికీ దగ్గర ఆవిడ మాత్రం కదల్లేదు. చేతి మీది నీలాన్ని వేలి మీదికి ఎక్కించే పనిలో ఉంది. ఆయన మొహం వాడిపోయింది. ఇక నేను ఓపిక పట్టలేకపోయాను. “ఇక్కడ కూర్చుని ఊదితే ఎలా వినపడుతుంది పెద్దాయనా? లేచి అక్కడికి వెళ్ళండి,” అని కసిరాను.

ఆయన లేచి వెళ్ళాడు. కిటికీ కింద ఒక చిన్న బెంచీ ఉంది, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళకు చోటుండదు. ఆవిడ చెయ్యి పట్టి తనకు కుడిపక్క కూర్చోబెట్టుకున్నాడు. వేణువు ఎత్తాడు. దాని కొస ఆవిడ చెవికి బెత్తెడు దూరంలో ఉంది. ఇదేం చోద్యం అన్నట్టు ఆవిడ కొంచెం వెనక్కి జరగబోయింది.

ఆయన మొదలుపెట్టాడు. ఆవిడ జరగడం ఆగింది. చేతి మీది రంగులు చేతి మీదే ఉండిపోయాయి. తల మెల్లగా వేణువు వైపు వాలింది, వాలి ఆయన భుజానికి ఆనింది. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టుంది, పైన దారాలకున్న వేణువులన్నీ ఒకసారి ఊగి, గది గోడల మీద రంగులన్నీ కదిలాయి. నేనూ మామయ్యా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఎంతసేపో తెలియదు. బట్టీ దానంతటదే చల్లారిపోయింది.

ఉన్నట్టుండి ఆవిడ మాట్లాడింది. వినికిడి తగ్గినవాళ్ళు మాట్లాడినట్టు పెద్దగానే, దుకాణమంతా వినపడేలా అంది.

“ఆ మలుపు దగ్గర తొందరపడతారు మీరు. ఎప్పుడూ ఇంతే.”

పెద్దాయన చేతిలో వేణువు ఆగింది. మఫ్లర్ కొసతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ తల ఆయన భుజం మీదినుంచి లేవలేదు. వాయించండి అన్నట్టు ఆయన మోకాలి మీద రెండుసార్లు తట్టింది. ఆయన ఆ మలుపును మళ్ళీ అందుకుని, ఈసారి నిదానంగా వాయించాడు.

బల్ల ఇవతల ఉన్న నాకు, గాజులో మబ్బు పట్టడమూ విడిపోవడమూ మాత్రమే కనిపించాయి. అది ఏ పాటో ఇప్పటికీ నాకు తెలియదు.