నలభై అయిదులో పెద్దాయన

మా ఇంట్లో పెద్దాయన అంటే మా నాన్న కాదు, మామగారూ కాదు. ఒక రికార్డు మీద పాడేవాడు. పేరు తెలియదు. అట్ట మీద ఆకాశం ఫొటో, కింద మాకు రాని భాషలో అక్షరాలు. పాత సామాన్ల కొట్లో ప్లేయరు కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది. ప్లేయరుకి వేగం మార్చే మీట విరిగిపోయి, నిమిషానికి ముప్పై మూడు చుట్ల దగ్గరే తిరిగేది. మిగతా రికార్డులన్నీ ఆ వేగానివే కాబట్టి మాకు లోటు తెలియలేదు.

మా ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఇంట్లో ఏ పనికి ఏ ఆల్బం అన్నది ఆమే తేలుస్తుంది. ఇస్త్రీకి కంప్యూటరు డ్రమ్ములది. ఆ దెబ్బల మీద చొక్కాలు చకచకా అయిపోతాయి. కూరగాయలు తరగడానికి, పక్కగదిలో ఎవరో వాయిస్తున్నట్టుండే గిటార్లది. వాన పడితే పెద్దాయన. మా ఇద్దరికీ మాటలు లేకపోయినా పెద్దాయనే. సింథసైజరు ఒకే స్వరాన్ని పట్టుకుని లాగుతుంటే దాని అడుగున ఆయన గొంతు నేలకి రాసుకుంటూ వచ్చేది. మొదటి వైపు అయ్యేలోపు ఎవరో ఒకరం టీ సంగతి ఎత్తేవాళ్లం.

రేడియోలో శనివారం సాయంత్రం ఒక శ్రోతని పిలిచి, తనకిష్టమైన ఆల్బంలోంచి ఒక పాట వేస్తారు. మా ఆవిడకి పిలుపొచ్చింది. వారమంతా అద్దాలు అరగదీస్తూ ఏం చెప్పాలో తనలో తాను అనుకుంటూనే ఉంది. భార్య పోయిన మనిషి పాడినట్టుంటుందని చెబుతానంది. ఊరంతా ఆయన్ని ఒకసారి వినాలి, అంతే ఆమె కోరిక.

ఆ శనివారం మధ్యాహ్నం, ఆమె దుకాణంలో ఉండగా, ఆమె తమ్ముడు వచ్చాడు. వాడిది సభలకి మైకులు పెట్టే పని. రికార్డు మీద గీతలు పడ్డాయేమో చూస్తానని తన ప్లేయరు తెచ్చాడు. రికార్డు మధ్యలో అంటించిన కాగితం మీద అంకె చూసి, మీట నలభై అయిదుకి తిప్పాడు.

ఒక అమ్మాయి పాడింది. హుషారుగా పాడింది.

"బావా, మీ పెద్దాయన ఆడమనిషి."

"నీ పెట్టెలో ఏదో తేడా ఉంది, చూడు."

"తేడా మీ పెట్టెలో ఉంది. ఇన్నేళ్లూ బంగారంలాంటి పిల్లని ముసలాణ్ణి చేసి ఏడిపించారు!"

"మీ అక్కకి నువ్వే చెప్పు."

"నాకింకా పెళ్లి కాలేదు బావా, బతకాలి. నువ్వే చెప్పు."

స్టూడియోకి వెళ్లే బస్సులో చెప్పాను.

"ఆడమనిషా?" అంది.

"ఊఁ."

"ఏడవడం లేదా?"

"లేదు. డాన్సు పాట."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"భార్య పోయిందని చెబుదామనుకున్నానండీ."

"పోనీలే, ఆవిడ ప్రాణం దక్కింది," అన్నాను.

మోచేత్తో పొడిచింది. నవ్వు మాత్రం రాలేదు.

స్టూడియోలో ఆమె ఉన్న సంగతంతా అనౌన్సరుకి చెప్పి, ముందు నలభై అయిదులో తనకి వినిపించమంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట చివరిదాకా వింది. బల్ల కింద కాలు ఆడింది.

"బాగానే పాడింది పిల్ల," అని హెడ్‌ఫోన్లు తీసింది. "కానీ నాకు తెలిసిన మనిషి కాదు."

"ఒక్కసారికే టైముందమ్మా," అన్నాడు అనౌన్సరు. "ఇలా వేస్తే ఒప్పు. మీ ఇంట్లోలా ముప్పై మూడులో వేస్తే తప్పు."

"తప్పే వేయండి."

ఎర్ర లైటు వెలిగింది. రాసి పెట్టుకున్నవేవీ ఆమె చెప్పలేదు. పాడింది ఒకావిడని, వేగం తప్పని, మాకు ఇలాగే అలవాటని చెప్పింది. "ఆవిడ ఎక్కడున్నా ఏమీ అనుకోకూడదు. మా పరిచయం ఈయనతో," అంది. పాట మొదలయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది అయ్యేదాకా నా వైపు చూడలేదు.

పాట అయిన వెంటనే ఫోన్ మోగింది. అనౌన్సరు స్పీకరులో పెట్టాడు. ఎవరో ఆవిడ.

"నేనిప్పుడే రేడియో పెట్టానండీ, మీ మాటలేవీ వినలేదు. ఆ పెద్దాయనకి పాపం ఏం కష్టమొచ్చింది?"

అనౌన్సరు మా ఆవిడ వైపు చూశాడు. ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"కష్టమేం లేదండీ. నెమ్మదిగా పాడతారు, అంతే."