పేము కుర్చీ, పాత పెట్టె

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఫోటోపిన్ని కిటికీ పక్కన బల్ల మీద తెల్ల దుప్పటి పరిచేది. ఫ్లాష్ వాడదు. కిటికీ వెలుతురు చాలు, అదీ పదిన్నర దాకానే. పాత మిక్సీ గానీ, గోడ గడియారం గానీ, ముందు పొడిగుడ్డతో తుడవాలి, నాలుగు వైపులా తియ్యాలి, చివర్న దెబ్బ తగిలిన చోటు దగ్గరగా ఒకటి. దెబ్బ దాచారో, కొన్నవాడు తిట్టి మరీ వెనక్కి పంపుతాడు. ఇంటర్నెట్ వేలంలో పాత సామాను పెట్టేవాళ్ళంతా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. పాత సామాన్ల కొట్టావిడైతే, "నా కొట్టుకి వచ్చెయ్ పిన్నీ, మేడ మీద గది ఇస్తాను" అని చెవిలో పోరు పెట్టేది.

పిన్ని తీసిన ఫోటో స్పష్టంగా వస్తే, ఎదురుగా ఎవరూ లేకపోయినా అందులో ఒక చెయ్యి పడుతుంది. మణికట్టు దాకా, వస్తువుని పట్టుకుని. 'ఇది నాది' అనుకుని ఎవరు పట్టుకున్నారో వాళ్ళ చెయ్యి. కొనేవాళ్ళు ముందు చూసేది దాన్నే. ఒకసారి ఒక పెద్దమనిషి ఫ్లాస్కు మీద పక్కింటావిడ చెయ్యి పడింది. పాపం, ఆయన అమ్మకం మానుకుని, ఫ్లాస్కు తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చేసి వచ్చాడు.

ఇంతమంది సామాను తీసిన పిన్ని తన ఇంట్లో వస్తువు ఒక్కటీ తియ్యలేదు. అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. మొగుడు రిటైరయ్యి చిన్న ఇంట్లోకి మారదామన్నాడు.

"సామానంతా వేలంలో పెట్టెయ్. మంచం, స్టవ్వు, నాలుగు గిన్నెలు చాలు."

"పేము కుర్చీ ఉంచుకుంటానండీ."

"అది మీ అక్కది కదా."

అక్క అంటే ఆయన మొదటి భార్య. పోయి ఇరవై ఏళ్ళు. పిన్ని ఆ ఇంటికొచ్చి పద్దెనిమిది. వచ్చిన రోజు నుంచీ ఇదే పాట. ఆ గ్లాసు అక్కది, జాగ్రత్త. ఇస్త్రీపెట్టె అక్కది, కింద పడేస్తావేమో. అరిచే మనిషైనా నయమే, తిరిగి అరవచ్చు. ఈయన మెత్తగా అంటాడు. ఒళ్ళు మండిపోయేది ఆవిడకి.

"పద్దెనిమిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేను. రెండుసార్లు పేము అల్లించింది నేను."

"సరే, గొడవెందుకు? ఫోటో తియ్యి. నీ చెయ్యి పడితే నీదే, కొత్తింటికి తెచ్చుకో. లేదంటే వేలానికి."

మహా ధర్మాత్ముడు మరి!

మర్నాడు తొమ్మిదికి మొదలుపెట్టింది. మిక్సీ తీసింది, అక్క చెయ్యి. ఇస్త్రీపెట్టె తీసింది, అక్క చెయ్యి. సన్నటి వేళ్ళు, గోడ మీద ఫోటోలో చెంప కింద ఆనించుకున్న చెయ్యే. పద్దెనిమిదేళ్ళుగా రోజూ తుడుస్తున్న ఫోటో, గుర్తుపట్టదా! తను రోజూ కూర కలిపే గరిటె మీద కూడా అదే చెయ్యి.

కుర్చీని రెండుసార్లు తుడిచింది. నాలుగు వైపులా తీసింది. మళ్ళీ తీసింది. అన్నిసార్లూ కుడిచేతి పిడి మీద అక్క చెయ్యే, దిలాసాగా వాలి ఉంది.

పిన్నికి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎవరింట్లోనో పద్దెనిమిదేళ్ళు చుట్టంగా ఉండిపోయినట్టు సిగ్గేసింది. ఎందుకలా పడిందో ఆవిడకి తెలుసు. ఆ కుర్చీలో ఏనాడూ వెనక్కి వాలలేదు. అంచున కూర్చునేది, ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే లేచేది.

"చూశావా," అన్నాడు ఆయన, జాలిగానే. "బాధపడకు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొందాంలే."

స్టూలెక్కి అటక మీంచి పాత రెక్సిన్ పెట్టె దించాడు. "ఇది నువ్వొచ్చినప్పుడు తెచ్చుకున్నదే కదూ? ఏ ఊరికీ తీసుకెళ్ళలేదు, కొత్తదానిలా ఉంటుంది. దీనికీ ఫోటో తీసెయ్."

పదీ ఇరవై. వెలుతురు ఇంకా ఉంది. పిన్ని తీసింది.

చెయ్యి పడింది. ఇంత స్పష్టంగా ఏ ఫోటోలోనూ పడలేదు. బొటనవేలి మీద కత్తిపీట కోసిన గీత, అరిగిన ఉంగరం, పెట్టె పిడిని బిగించి పట్టుకున్న వేళ్ళు. అలవాటుగా దెబ్బ ఎక్కడుందా అని చూసింది. పెట్టె ఒళ్ళంతా బాగానే ఉంది, పిడి మాత్రం అరిగిపోయింది.

ఆయన ఫోటో చూశాడు, పిన్ని చెయ్యి చూశాడు. "దీన్ని ఎప్పుడు వాడావు?"

"మీరు 'అక్కది' అన్నప్పుడల్లా దించాను. చీరలు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళేదాన్ని. మీరొచ్చే వేళకి మళ్ళీ బీరువాలో పెట్టేసేదాన్ని."

"నాకెప్పుడూ తెలీదే!"

"ఎలా తెలుస్తుంది? మీరొచ్చేసరికి అన్నం వేడిగా ఉండేది కదా."

ఆయన పేము కుర్చీలో కూలబడ్డాడు. "సరే, పెట్టె నీదే, ఒప్పుకున్నాను. కొత్తింటికి తెచ్చుకో" అన్నాడు.

పిన్ని ఫోటోలన్నీ వేలంలో పెట్టేసింది. పని సగంలో వదలడం ఆవిడకి చేతకాదు. ఆ తొందరలో పెట్టె ఫోటో కూడా వెళ్ళిపోయింది. చీరలూ కెమెరా తెల్ల దుప్పటీ ఆ పెట్టెలోనే సర్దుకుంది. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ కాళ్ళు ఆగాయి. తర్వాత దాటాయి.

పాత సామాన్ల కొట్టావిడ వీధికి వెళ్ళే బస్సులో ఫోను మోగింది. పెట్టె ఫోటో కింద ఎవరో అడిగారు: "పిడి బాగా అరిగినట్టుంది. అయినా ఫరవాలేదు. ఇంకా అమ్మకానికి ఉందా అండీ?"

పిన్ని పెట్టెని ఒళ్ళోకి లాక్కుని, ఒంటిచేత్తో జవాబు రాసింది.

"లేదండీ. వాడుతున్నాను."